వెనక గదికి సిగ్నలు

కుడికాలు నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, ఎత్తితే నోరు మూసుకుంటాడు. బల్ల కింద నల్లటి పెడలు ఒకటి, దాని మీద టైపత్త పాదం. లోకంలో ఒక పెద్దమనిషి నోరు మూయించే అధికారం ఆవిడకు ఆ ఒక్క పాదం కిందే ఉంది. అదైనా ఎప్పుడో మాట్లాడేసి ఇంటికి వెళ్ళిపోయిన పెద్దమనిషి నోరు. పొద్దున్న ఎనిమిది కాలేదు, అప్పటికే మూడో ఫైలు నడుస్తోంది. చెవుల్లో ఎవరో డాక్టరు ఎవరిదో మోకాలి గురించి నములుతూ నములుతూ చెబుతున్నాడు. టైపత్త వేళ్ళు ఆ నమిలినదాన్ని మెతుకు మెతుకూ ఏరి తెర మీద పేరుస్తున్నాయి.

ఇరవై మూడేళ్ళుగా ఆవిడ పని ఇదే. ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూసి, చూసింది రికార్డు చేసి పారేస్తారు. ఆ మాటలు ఒక కంపెనీకి వస్తాయి. కంపెనీ వాటిని ఇలాంటి వెనక గదుల్లో కూర్చున్న మనుషులకు పంచుతుంది. ఆవిడకు యాభై నాలుగేళ్ళు. సన్నటి మెడ, కాస్త ముందుకు వంగిన భుజాలు. హెడ్‌ఫోను పట్టీ ఒరుసుకుని నడినెత్తిన జుట్టు దారి తీసినట్టు పలచబడింది. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. వాటిని చూసే అవసరం ఆవిడకు ఎప్పుడో తీరిపోయింది.

పనిలో చేరిన మొదటి ఏడాది ఆవిడ ఒక తప్పు చేసింది. డాక్టరు కుడికాలు అన్నాడు, అంతకు ముందు మూడుసార్లు ఎడమకాలు అని ఉన్నాడు. ఈవిడ బుద్ధిమంతురాలు కదా, ఎడమకాలని దిద్దింది. అప్పటి సూపర్‌వైజరు ఫోను చేసి, "నువ్వు డాక్టరువా? విన్నది కొట్టు, ఆలోచించకు" అని గడ్డి పెట్టాడు. ఆవిడ దిద్దిందే నిజమని నెల తర్వాత తేలింది. తిట్లు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆనాటి నుంచి చెవి వింటుంది, వేళ్ళు కొడతాయి, బుర్ర గుమ్మం బయట చెప్పులతో పాటు కూర్చుంటుంది. ఎన్ని జబ్బులు ఆ వేళ్ళ మీదుగా పోయాయో లెక్క లేదు, ఒక్కటీ లోపల ఆగలేదు.

టైపత్త అనే పేరు మేనకోడలు చిన్నప్పుడు పెట్టింది. తర్వాత తమ్ముడూ అదే అన్నాడు, ఇరుగుపొరుగూ అదే అన్నారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదనడం ఆవిడ మర్యాద, కాలేదనడం మరదలి మర్యాద. తమ్ముడి ఇంట్లో అందరికన్నా వెనక ఉన్న గది ఆవిడది. ఒకప్పుడు అందులో పాత పెట్టెలు, విరిగిన ఫ్యాను ఉండేవి. ఇప్పుడు అవీ ఉన్నాయి, ఆవిడా ఉంది. ఒక మంచం, ఒక బల్ల, పక్కింటి గోడను చూడటానికి ఒక కిటికీ.

ఆ గదికే ఇప్పుడు ముప్పు వచ్చింది.

ఇదివరకు ఫైళ్ళు ఇంటికి దిగేవి. ఎంత నత్తనడక నెట్టు అయినా రాత్రంతా దించుకుని పగలు కొట్టేది. ఇకమీదట రోగుల మాటలు బయటికి పంపబోమని కంపెనీ తేల్చింది. గొంతు వాళ్ళ యంత్రంలోనే ఉంటుంది, లైను మీద వినాలి, వింటూ కొట్టాలి. ఇవాళ సాయంత్రం నాలుగింటికి లైను పరీక్ష. అరగంటపాటు వేగం ఇరవై ఎంబీపీఎస్‌కు తగ్గకూడదు, ఒక్కసారి తెగకూడదు. తెగినవాళ్ళ పేరు ఇక పనివాళ్ళ జాబితాలో ఉండదు. టైపత్త గదిలో పాత రూటరు వేగం మూడు. గాలి బాగుంటే నాలుగు.

ఈ సంగతి వారం కిందట భోజనాల దగ్గర చెప్పింది. తమ్ముడు పళ్ళెంలోకి చూస్తూ, "మాకు బాగానే వస్తోంది కదక్కా" అన్నాడు. మరదలు మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, "పని పోతే పోనీ వదినా. ఎన్నాళ్ళని కష్టపడతావు? ఇప్పుడు ఆశ్రమాలు చాలా బాగుంటున్నాయట. నీ వయసువాళ్ళే ఉంటారు, కాలక్షేపం. ఆ గదేమో పిల్ల వీడియోలకు పనికొస్తుంది" అంది. ఇంత కఠినమైన మాట అంత తీయగా చెప్పగలగడం ఒక విద్య. తమ్ముడు ఇంకో ముద్ద తిన్నాడు. టైపత్త కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపింది.

"కొత్త రూటరు నేను కొంటాను" అంది చివరికి.

"అలాగే కొనుక్కో. నేను వద్దన్నానా?" అంది మరదలు.

అప్పటి నుంచి టైపత్త ఒక పరీక్షకు చదివినట్టు చదివింది. దర్జీ టేపు తీసుకుని ఇల్లంతా కొలిచింది. నోటుపుస్తకంలో స్కేలు పెట్టి ఇంటి పటం గీసింది. లైను హాల్లో ఏ మూల దిగుతుందో, ఏ గోడ ఎన్ని అంగుళాలో, ఫ్రిజ్జు ఎక్కడో, నీళ్ళ డ్రమ్ము ఎక్కడో అన్నీ గుర్తులు పెట్టింది. ఇరవై మూడేళ్ళ తర్వాత బుర్రను గుమ్మం బయటి నుంచి లోపలికి పిలిచింది. అది వచ్చింది. తుప్పు పట్టలేదు కూడా.

పదిన్నరకు పెడలు మీద నుంచి కాలు తీసి, గుడ్డ సంచీలో నోటుపుస్తకం పెట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న దుకాణానికి వెళ్ళింది.

దుకాణదారు ఆవిడ అరిగిన చెప్పులు చూశాడు, సంచీ చూశాడు, మొహం చూడలేదు.

"రూటరా? మీ అబ్బాయిని పంపండమ్మా. వాళ్ళకైతే తెలుస్తుంది."

"అబ్బాయి లేడు. నేనే వచ్చాను."

"అయితే ఇది తీసుకోండి. కళ్ళు మూసుకుని తీసుకోండి." ఎర్రటి పెట్టె ఒకటి గల్లా మీద పెట్టాడు. బొమ్మలో ఎనిమిది కొమ్ములు నిక్కబొడుచుకున్న నల్లటి జంతువు ఉంది. "ఎనిమిది యాంటెనాలు. మీ ఇల్లేమిటి, వీధి వీధంతా వాడుకోవచ్చు."

"వీధికి నేనెందుకు పెట్టాలి బాబూ?"

దుకాణదారు మొదటిసారి మొహం చూశాడు. ఎర్ర పెట్టె పక్కకు జరిపి, అరలోంచి తెల్లటి చిన్న పెట్టె తీశాడు. "పోనీ ఇది. అన్నిటికన్నా చవక."

టైపత్త అద్దాలు పెట్టుకుని పెట్టె వెనక సన్నటి అక్షరాలు పైనుంచి కిందిదాకా చదివింది. డాక్టర్ల గొణుగుడు చదివినట్టే చదివింది.

"దీనికి వెనకున్న పోర్టులు వంద దగ్గరే ఆగిపోతాయి. మా లైను రెండు వందలు. సగం నెట్టు ఈ డబ్బా గుమ్మంలోనే చచ్చిపోతుంది. పైగా ఒక్కటే బ్యాండు. చుట్టుపక్కల అందరి రూటర్లూ ఆ బ్యాండులోనే అరుచుకుంటుంటాయి." నోటుపుస్తకం తెరిచి గల్లా మీద పరిచింది. "ఇదిగో, లైను ఇక్కడ దిగుతుంది. నా గది ఇది. మధ్యలో మూడు గోడలు. రెండు నాలుగంగుళాలవి, ఒకటి తొమ్మిదంగుళాలది. వేగంగా పోయే బ్యాండు హాల్లోవాళ్ళకు సరిపోతుంది కానీ లావు గోడ దగ్గర చతికిలబడుతుంది. మెల్లగా పోయేది గోడలు దాటి నా దాకా వస్తుంది. నాకు రెండూ ఉన్నది కావాలి. పోర్టులు వెయ్యి దాకా మోసే గిగాబిట్టువి కావాలి. తయారుచేసినవాళ్ళు ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నది కావాలి. కొమ్ములు ఎన్నున్నా నాకు పనిలేదు."

దుకాణదారు వంగి, కింది అరలో దుమ్ము పట్టిన నీలం పెట్టె ఒకటి బయటికి లాగాడు. చేత్తో తుడిచి ఆవిడ ముందు పెట్టాడు. నాలుగు యాంటెనాలు, రెండు బ్యాండ్లు, గిగాబిట్టు పోర్టులు, మూడేళ్ళ వారంటీ. చవకదానికి రెండింతలు, ఎనిమిది కొమ్ములదానికి సగం.

"ఇది ఎవరూ అడగరమ్మా. అడిగినవాళ్ళకు ఇదే సరైనది" అని, కుర్చీ చూపించాడు. "కూర్చోండి. మీరేం చేస్తారు?"

"టైపింగు."

"నేను ఇంజినీరనుకున్నాను."

టైపత్త నవ్వలేదు. కానీ ఆ మాట ఆవిడ ఒంట్లో ఎక్కడో చలికాలం వేడినీళ్ళలా దిగింది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళలో ఎవరూ ఆవిడను ఇంకొకరనుకోలేదు. టైపత్త అనుకున్నారు, అంతే.

"పనిలో పని రూటరు నుంచి కంప్యూటరుకు లాగే తీగ కూడా తీసుకోండి. ఎంత గొప్ప రూటరైనా తీగ ముందు దిగదుడుపే" అన్నాడు దుకాణదారు.

"అక్కర్లేదు. లెక్క చూసుకున్నాను, నా గదికి ముప్పై పైనే వస్తుంది" అంది. సంతోషంలో ఉన్న మనిషికి కాస్త పొగరు కూడా ఉంటుంది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఇంటికి వచ్చి తానే బిగించింది. హాల్లో వసారా గుమ్మం పక్కన ఎత్తుగా ఉన్న అర మీద, ఎక్కడ పెడితే సిగ్నలు వసారా వెంట వెనక గదికి సూటిగా వెళుతుందో సరిగ్గా అక్కడ పెట్టింది. పచ్చ దీపాలు వరసగా వెలిగాయి. గదిలోకి వెళ్ళి వేగం చూసుకుంది. ముప్పై ఎనిమిది. ఇంకోసారి చూసింది. ముప్పై ఎనిమిదే. మేనకోడలు తన గదిలోంచి, "అత్తా, నాకు నూట డెబ్బై వస్తోంది! సూపరత్తా నువ్వు!" అని అరిచింది.

ఆ పొంగులో టైపత్త జీవితంలో రెండో తప్పు చేసింది. భోజనాల దగ్గర అంతా విడమరిచి చెప్పింది. ఏ గోడ ఎంత తింటుందో, నీళ్ళ డ్రమ్ము ఎంత తాగుతుందో చెప్పింది. "అన్నిటికన్నా పెద్ద శత్రువు ఇనుము. ఆ టీవీ పక్కనున్న బీరువా చూడు. ముందు అద్దం తలుపు, వెనకంతా ఇనుము. రూటరు దాన్లో పెట్టామనుకో, అద్దంలోంచి మీకందరికీ వస్తుంది. ఇనుము నా గది వైపు కదా, నాకు చుక్క కూడా రాదు" అంది.

మరదలు తినడం ఆపి విన్నది. "అలాగా వదినా? ఇనుముకు అంత శక్తి ఉంటుందా?"

"ఉంటుందమ్మా. సిగ్నలును అవతలికి పోనివ్వదు."

"అద్దమైతే ఏం కాదన్నమాట."

"ఏం కాదు."

మరదలు తన మాటకు ఎదురు ప్రశ్న వేసి ఎన్నేళ్ళయిందో టైపత్తకు గుర్తు లేదు. పాపం, నా పని గురించి తెలుసుకోవాలని చూస్తోంది అనుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. దొంగ చేతికి తాళాలివ్వడం అందరూ చేస్తారు. ఏ తాళం ఏ గదిదో చెప్పి మరీ ఇచ్చేవాళ్ళు తక్కువ.

రెండు గంటలకు వెనక గదిలో నెట్టు ఆగిపోయింది. టైపత్త హాల్లోకి వచ్చి చూసింది. అర మీద రూటరు లేదు. బీరువా అద్దం వెనక, గాజు గిన్నెల మధ్య పచ్చ దీపాలు ఆడుతున్నాయి. తమ్ముడికి ఆ రోజు సెలవు, సోఫాలో పడుకుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. మరదలు బట్టలు మడత పెడుతోంది.

"నా గదికి రావడం లేదమ్మా."

"కొత్తది కదా వదినా, దుమ్ము పడుతుందని లోపల పెట్టాను. పైగా కాళ్ళు పైకెత్తి వెల్లకిలా పడ్డ బొద్దింకలా ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

"నాలుగింటికి నా పరీక్ష. ఈ పూటకైనా బయట పెట్టు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

"ఇప్పుడు తీసి మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి... వస్తువులు పాడవుతాయి వదినా. మాకు బాగానే వస్తోందే!"

టైపత్త తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఫోను కాస్త కిందికి దించాడు. అక్కను చూశాడు, భార్యను చూశాడు. "ఏదో ఒకటి మీరిద్దరూ సర్దుకోండక్కా" అని ఫోను మళ్ళీ పైకెత్తాడు. కోపమంటూ ఉంటే ఈ మనిషి మీద రావాలి. మరదలికి పరాయిదనే కారణమైనా ఉంది, వీడికి ఏముంది? ఒకప్పుడు వీడికి జ్వరం వస్తే పని మానుకుని మంచం పక్కన కూర్చున్నది ఆవిడే. కానీ టైపత్తకు కోపం తెచ్చుకునే అలవాటు పోయింది. అప్పుడే ఆవిడకు అర్థమైంది, మధ్యాహ్నం మరదలు అంత శ్రద్ధగా ఎందుకు విన్నదో.

"పోనీ తీగ లాక్కోనా?" అంది.

"లాక్కో వదినా, నేను వద్దన్నానా? గుమ్మాలకు అడ్డంగా నేల మీద మాత్రం వద్దు, కాళ్ళకు తగులుతుంది. పైనుంచి పోనివ్వు. గోడ పెచ్చులు ఊడకుండా చూసుకో."

దుకాణం సగం తలుపు దించి ఉంది. దుకాణదారు భోజనానికి వెళ్ళాడు. టైపత్త ఎండలో మెట్టు మీద నిలబడింది. మొబైలులో టైము చూసుకుంటూ ఇరవై నిమిషాలు నిలబడింది. అతను వచ్చి, "చెప్పాను కదమ్మా!" అని జాలిపడుతూ ఇరవై ఐదు మీటర్ల తీగ చుట్ట, మేకులున్న క్లిప్పుల పొట్లం ఇచ్చాడు. ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చేసరికి మూడూ ఐదు.

స్టూలు తెచ్చుకుంది. సుత్తి తెచ్చుకుంది. బీరువా అద్దం తలుపు తీసి తీగ కొస రూటరుకు తగిలించింది. అక్కడి నుంచి గోడ పైనంటా, హాలు గుమ్మం మీదుగా, వసారా పొడుగునా, వంటింటి మలుపు తిరిగి వెనక గది దాకా. జానెడుకో క్లిప్పు పెడితే అందం, మూరెడుకో క్లిప్పు పెడితే సరిపోతుంది. టైము లేదు కనుక మూరెడుకు ఒకటి. ప్రతి క్లిప్పుకూ స్టూలు ఎక్కాలి, చేతులు పైకెత్తి కొట్టాలి, దిగాలి, స్టూలు జరపాలి, మళ్ళీ ఎక్కాలి. ఏడో క్లిప్పు దగ్గర మేనకోడలు తలుపు తీసి తల బయటికి పెట్టింది.

"అత్తా, రెండు నిమిషాలు కొట్టకు. రికార్డింగు నడుస్తోంది, టకటక వినిపిస్తోంది."

టైపత్త స్టూలు మీదే నిలబడింది. పెదాల మధ్య మేకు, పైకెత్తిన ఎడమచేత్తో గోడకు ఆనించిన తీగ. లోపల మేనకోడలు "హాయ్ ఫ్రెండ్స్" అని నాలుగుసార్లు అంది, నాలుగుసార్లూ తనకే నచ్చలేదు. ఐదోసారికి నచ్చింది. అప్పటికి టైపత్త ఎడమ భుజం రాయిలా బిగుసుకుపోయింది. చేతులు పైకెత్తి పెట్టినందుకే అనుకుంది. తమ్ముడు మంచినీళ్ళకు వంటింట్లోకి పోతూ స్టూలు పక్క నుంచి ఒదిగి వెళ్ళాడు. "జాగ్రత్తక్కా, పడతావు" అన్నాడు. వచ్చేటప్పుడు కూడా అలాగే ఒదిగి వెళ్ళాడు.

మొత్తం ముప్పై ఒక్క క్లిప్పులు. చివరిది కొట్టి కిందికి దిగినప్పుడు నేల కాస్త ఊగింది. తలుపు పట్టుకుని నిలబడి, ఊగడం ఆగాక లోపలికి వచ్చి తీగ రెండో కొస కంప్యూటరుకు తగిలించింది. నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

నూట తొంభై నాలుగు.

టైపత్త ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. ఆ ఇంట్లో ఎవరికీ లేనంత వేగం. వెనక గదికి, పెట్టెల మధ్యకు, పక్కింటి గోడను చూసే కిటికీ దగ్గరికి వచ్చింది. ఆవిడకు ఏడుపొచ్చింది, టైము లేక మానుకుంది. హెడ్‌ఫోను పెట్టుకుంది. పెడలు వెతికి పాదం ఆనించింది. మంచినీళ్ళు తాగుదామనుకుంది కానీ వంటింటిదాకా నడవబుద్ధి కాలేదు.

నాలుగింటికి పరీక్ష మొదలైంది. తెర మూలన గీత ఒకటి అద్దంలా సాగింది. అరగంటలో అది ఒక్కసారి కూడా వంగలేదు. నాలుగున్నరకు సూపర్‌వైజరు రాసింది: "పాస్. మీ ప్రాంతంలో మీదే అన్నిటికన్నా మంచి లైను. ఏ రూటరు వాడుతున్నారు?"

టైపత్త రూటరు పేరు రాసింది. దాని కింద, రెండు బ్యాండ్లున్నది, గిగాబిట్టు పోర్టులు, ధర కూడా ఎక్కువేమీ కాదు అని రాసింది. ఇంకా రాయాలనుకుంది, ఎలా ఎంచుకుందో, పటం ఎలా గీసిందో. ఈ లోపు అవతల నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి, దాని వెనకే మొదటి ఫైలు వచ్చాయి.

కాలు నొక్కింది. డాక్టరు మాట్లాడాడు. యాభై ఆరేళ్ళ మగమనిషి, బరువులు మోసే పని. మధ్యాహ్నం నుంచి ఛాతీలో బరువు, ఎడమ భుజం నుంచి దవడదాకా లాగుతున్న నొప్పి, ఒళ్ళంతా చెమట. టైపత్త కొట్టింది. దవడ దగ్గర అక్షరాలు సరిచూసుకుంది. ఆవిడ నుదుటి మీది చెమట చుక్క జారి కీల మధ్య పడింది. ముంజేతితో తుడిచి, కామా పెట్టింది. ఎడమచెయ్యి సరిగా ఆడటం లేదు. అందుకని ఎడమవైపు అక్షరాలు కూడా కుడిచేత్తోనే కొట్టింది. వేగం తగ్గింది కానీ తప్పు దొర్లలేదు. రోగి దీన్ని పని అలసట అనుకుని అశ్రద్ధ చేశాడు అన్నాడు డాక్టరు. అశ్రద్ధ చేశాడు అని కొట్టింది. విన్నది కొట్టు, ఆలోచించకు. ఇరవై మూడేళ్ళ అలవాటు అది. ఒక్క పూట లోపలికి పిలిచిన బుర్ర మళ్ళీ గుమ్మం బయటికి వెళ్ళి కూర్చుంది.

"వెంటనే ఆసుపత్రికి తీసుకువచ్చి ఉంటే," అన్నాడు డాక్టరు.

తెర మీద ‘వెంటనే’ అన్న మాట వచ్చింది. తర్వాతి మాట రాలేదు.

ఆవిడ ముందుకు వాలింది, చెంప కీబోర్డు పక్కన బల్లకు ఆనింది. పాదం మాత్రం పెడలు మీదే ఉండిపోయింది. కనుక డాక్టరు ఆగలేదు. ఏ మందులిచ్చాడో, ఏ టైముకు ఇక లాభం లేదని తేల్చాడో అంతా తాపీగా చెప్పుకుపోయాడు. వినేవాళ్ళు లేరని అతనికేం తెలుసు? చెప్పాల్సింది చెప్పి ముగించాడు. లైను ఒక్కసారి కూడా తెగలేదు.

ఐదింటికి సూపర్‌వైజరు రాసింది: "లైను బ్రహ్మాండంగా ఉంది. టైపింగు ఎందుకు ఆగింది?" ఐదుంబావుకు: "మొదటి రోజే ఇలాగైతే ఎలాగండీ?" ఐదున్నరకు యంత్రమే రాసింది. పని మధ్యలో వదిలేసిన కారణంగా పేరు జాబితా నుంచి తొలగించబడిందని.

ఏడింటికి మేనకోడలు తలుపు తోసుకుని వచ్చింది. "అత్తా, వీడియో రెండే రెండు నిమిషాల్లో ఎక్కేసింది తెలుసా! ఇదివరకు గంట..." అంటూ భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత పెట్టిన కేకకు వీధిలోవాళ్ళు కూడా వచ్చారు.

తమ్ముడు ఏడ్చాడు. గోడకు తల ఆనించి, ముక్కు కారేలా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన లేదు. మూడింటికి లేచి స్టూలు పట్టుకుని ఉంటే ఆ ఏడుపుతో అవసరం పడేదో లేదో ఎవరూ చెప్పలేరు, అతన్ని ఎవరూ అడగనూ లేదు. మరదలు కంప్యూటరు ఆపింది. హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టింది, చెదిరిన జుట్టు సర్దింది. ఆ సర్దడంలో కాస్త ప్రేమ కూడా ఉందేమో. తర్వాత బల్ల సొరుగు లాగి చూస్తూ మెల్లగా అంది:

"ఆ రూటరు బిల్లు ఎక్కడ పెట్టిందో చూడండి. మూడేళ్ళ వారంటీ ఉందంది."

మూడు వారాలకు వెనక గది ఖాళీ అయింది. పెట్టెలు పోయాయి, మంచం పోయింది. గోడలకు లేత గులాబీ రంగు వేశారు. మేనకోడలు దీపాలు, స్టాండు తెచ్చి పెట్టుకుని వీడియో మొదలుపెట్టింది. ముక్క ముక్కలుగా తెగిపోయింది.

"ఇక్కడికి నెట్టు రావట్లేదమ్మా. బీరువా ఇనుము అడ్డం కదా, అత్త చెప్పింది."

మరదలు ఆ మాట పూర్తికాకముందే హాల్లోకి వెళ్ళి రూటరును బీరువాలోంచి తీసింది, పొడిగుడ్డతో తుడిచింది. వసారా గుమ్మం పక్కన ఎత్తుగా ఉన్న అర మీద పెట్టింది. దుమ్ము మాట ఎవరూ ఎత్తలేదు. మేనకోడలి ఫోనుకు ముప్పై ఎనిమిది వచ్చింది. చాలు అంది.

తీగతో ఇక పని లేదు కనుక రెండువైపులా పీకేశారు. గోడ మీది నుంచి కూడా తీసేద్దామని రంగులవాడు మొదటి క్లిప్పు లాగితే పెచ్చు రాబోయింది. "వద్దులే, ఉండనీ" అంది మరదలు. అతను దాని మీదుగానే బ్రష్షు లాగాడు. హాలు గోడ మీద పసుపుగా, వసారాలో తెల్లగా, వెనక గదిలో గులాబీగా, ముప్పై ఒక్క క్లిప్పులతో ఎక్కడా వంకర పోకుండా ఆ తీగ అలాగే ఉంది, రెండు కొసలూ ఖాళీగా.